ఆఫర్‌లో కొన్న కొత్త ల్యాప్‌టాప్ కాలుతోందా, ఛార్జింగ్ ఎక్కట్లేదా? ముందు గడువు చూసుకోండి

ఇది చదివే ముందు ఒక్క పని చేయండి. మీ ఆర్డర్ పేజీ తెరిచి, రీప్లేస్‌మెంట్ ఏ తారీఖు దాకా ఉందో చూసి, దానికి రెండు రోజుల ముందుకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లకి మామూలుగా 7 రోజులో 10 రోజులో ఇస్తారు, అది కూడా చాలాసార్లు డబ్బు వాపసు కాదు, టెక్నీషియన్ చూసి సరే అంటేనే మార్చి ఇవ్వడం. చాలా షాపుల్లో అయితే ఆ మాత్రం కూడా ఉండదు, బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముందే అచ్చేసి ఉంటుంది. గడువు దాటిందా, నిజంగా లోపం ఉన్నా ఇక అది రిపేరు కిందే లెక్క. అంటే మీ కొత్త ల్యాప్‌టాప్‌ని విప్పి, ఏదో మార్చి, మళ్ళీ బిగించి ఇస్తారు.

ఇది నాకు చేతులు కాలాకే తెలిసింది. మా మేనల్లుడు ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో దసరా ఆఫర్లు చూసి ఒక ల్యాప్‌టాప్ కొనిచ్చాను. హాస్టల్‌కి పట్టుకెళ్ళిన మూడో రోజే ఫోను: "మామయ్యా, ఒళ్ళో పెట్టుకుంటే కాలుతోంది, ఛార్జింగేమో 80 దగ్గర ఆగిపోతోంది." నేను పెద్ద తెలిసినవాడిలా వారం రోజులు ఫోన్‌లోనే వాడి చేత డ్రైవర్లు (లోపలి భాగాల్ని నడిపే చిన్న ప్రోగ్రాంలు) తీయించి, మళ్ళీ వేయించి, బయోస్ (విండోస్ కంటే ముందే లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయించి, చివరికి విండోస్ కూడా రీసెట్ చేయించాను. తీరా చూస్తే 80 అన్నది కంపెనీ యాప్‌లో ఉన్న ఒక సెట్టింగు. వేడిలో సగం వాడు పరుపు మీద పెట్టుకుని వాడటం వల్ల. ఈ రెండింటి గొడవలో పడి అసలు లోపం ఇద్దరం వదిలేశాం: ఛార్జర్ పిన్ను కాస్త కదిలితే ఛార్జింగ్ పోయి వచ్చేది. వాడు చిన్న విషయమే కదా అని చెప్పలేదు, నేను అడగలేదు. అది బయటపడింది పన్నెండో రోజున. గడువు పది.

కాబట్టి నేను చెప్పే వరస మామూలుగా దొరికే చిట్కాల వరస కాదు. కొత్త ల్యాప్‌టాప్‌ని బాగుచేసే పూచీ మీది కాదు, కంపెనీది. ఇది ఉంచుకోవాలా, తిప్పి పంపాలా అన్నది గడువులోపు తేల్చుకోవడమే మీ పని. ఆ తేల్చుకోవడానికి పనికొచ్చే పరీక్షలు ముందు, వేడి తగ్గించే చిట్కాలు తర్వాత. తలకిందులుగా చేస్తే చిట్కాలతో లోపాన్ని మీరే కప్పెట్టేస్తారు.

అంత తక్కువకి ఎందుకిచ్చారు?

అన్ని డిస్కౌంట్లూ మోసం కాదు. పోయినేడాది మోడల్‌ని కొత్త మోడల్ వచ్చే ముందు వదిలించుకోవడం మామూలే, అలాంటిది దొరికితే నిజంగా అదృష్టమే. కానీ ధర తగ్గించడానికి ఇంకా దారులున్నాయి. పైకి చెప్పే ప్రాసెసర్ పెద్దదే ఉంటుంది, లోపల ఫ్యాను ఒక్కటే పెడతారు. బ్యాటరీ చిన్నది వేస్తారు. 65 వాట్ల ఛార్జర్ ఇవ్వాల్సిన చోట 45 వాట్లది పెట్టెలో పెడతారు. ఇవి లోపాలు కావు, మీరు కొన్న ధరకి వచ్చిన స్వభావం, టెక్నీషియన్ వచ్చినా "ఈ మోడల్ ఇంతే సార్" అని వెళ్ళిపోతాడు. ఇంకో రకం, ఎవరో తెరిచి తిప్పి పంపిన ఓపెన్ బాక్స్ సరుకు, లేదా బాగుచేసి మళ్ళీ అమ్మే రీఫర్బిష్డ్ సరుకు. వీటిని ఆ పేరుతోనే అమ్మితే తప్పేం లేదు. కొత్తదని చెప్పి అమ్మితేనే గొడవ.

అందుకే మొదటిరోజే పెట్టె మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా అని చూడండి. తర్వాత ఆ నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ పేజీలో కొట్టండి. వారంటీ మీరు కొన్న తేదీకి చాలా నెలల ముందే మొదలైనట్టు చూపిస్తే రెండు కారణాలు ఉండొచ్చు, గోడౌన్‌లో చాలా రోజులు పడి ఉంది, లేదా ఇంతకు ముందే ఒకసారి అమ్ముడైంది. మొదటిదైతే బిల్లు పంపి తేదీ సరిచేయించుకోవచ్చు. రెండోదో కాదో చెప్పడానికి బ్యాటరీనే సాక్ష్యం.

బ్యాటరీని అడగండి

విండోస్‌లో బ్యాటరీ జాతకం చెప్పే సౌకర్యం ఉంది, ఏ యాపూ వేసుకోనక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఏం కొట్టాలో ఫోన్‌లో చెప్పినట్టే చెప్తాను, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో: పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సి, ఎఫ్, జి, తర్వాత ఒక ఖాళీ, తర్వాత ముందుకి వాలిన స్లాష్, దాన్ని ఆనుకునే బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలూ మధ్యలో ఖాళీ లేకుండా కలిపి. ఎంటర్ కొడితే ఫైలు ఎక్కడ సేవ్ అయిందో అదే చెప్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

అందులో మీకు కావాల్సినవి మూడు అంకెలు. డిజైన్ కెపాసిటీ అంటే ఫ్యాక్టరీలో అనుకున్నది. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిజంగా పడుతున్నది. సైకిల్ కౌంట్ అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు నిండా ఎక్కి దిగినంత వాడకం అయిందో ఆ లెక్క. కొత్తదాంట్లో మొదటి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. 42,000 అని రాసిన చోట 41,300 ఉంటే పట్టించుకోకండి, కొన్నిసార్లు డిజైన్ కంటే ఎక్కువ కూడా చూపిస్తుంది. అదే 35,000 ఉంటే ఆరో వంతు పోయినట్టే. ఒకసారి నిండా ఎక్కించి, 10 శాతం దాకా వాడి, మళ్ళీ నిండా ఎక్కించి రిపోర్టు ఇంకోసారి తీయండి, ఎందుకంటే మొదట్లో బ్యాటరీ లెక్క ఒక్కోసారి తప్పుతుంది. అప్పటికీ అంతే ఉంటే ఇది లోపమే. సైకిల్ కౌంట్ సున్నా నుంచి ఐదారు దాకా ఉంటే బాగున్నట్టు. కొత్తదని కొన్నదాంట్లో అరవయ్యో డెబ్బయ్యో కనిపిస్తే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు, స్క్రీన్ ఫోటో తీసి అమ్మినవాడికి పంపండి. కొన్ని మోడళ్ళలో ఈ అంకె బదులు చిన్న గీత మాత్రమే ఉంటుంది, అప్పుడు కెపాసిటీ ఒక్కటే ఆధారం.

ఛార్జింగ్ గొడవలు, ఏది నిజం ఏది కాదు

పెట్టెలోంచి తీయగానే పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదని కంగారు పడకండి. చాలా ల్యాప్‌టాప్‌లు రవాణాలో బ్యాటరీ పనిచేయకుండా ఆపేసి పంపుతారు, ఒకసారి ఛార్జర్ పెడితే గానీ లేవవు. గోడౌన్‌లో ఎక్కువ రోజులు ఉన్నదైతే అరగంట ఛార్జర్‌లో ఉంచి అప్పుడు నొక్కండి.

60 దగ్గరో 80 దగ్గరో ఆగిపోతే అది నూటికి తొంభైసార్లు సెట్టింగే. లిథియం బ్యాటరీని ఎప్పుడూ 100 దగ్గర నిలబెట్టి ఉంచితే త్వరగా ముసలిదవుతుంది కాబట్టి కంపెనీలే ఈ కట్టడి పెడతాయి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అని, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ అని ఉంటుంది, ఏసర్‌కి దాని సొంత యాప్ ఉంది, హెచ్‌పీ, డెల్ అయితే బయోస్‌లో కూడా వెతకాలి. విండోస్ 11లో కొన్ని ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీ బొమ్మ మీద చిన్న గుండె గుర్తు వస్తుంది, అదీ ఇదే. పరీక్షల వరకు దాన్ని తీసేసి 100 దాకా ఎక్కుతోందో లేదో చూడండి, ఎక్కితే మళ్ళీ పెట్టేయండి, మంచి సెట్టింగు అది. 95, 96 దగ్గర "ప్లగ్ పెట్టారు, ఛార్జ్ అవట్లేదు" అని వచ్చినా అంతే, ఒకటి రెండు శాతం తగ్గినప్పుడల్లా మళ్ళీ ఎక్కించకుండా ఆగడం దాని అలవాటు.

ఇక అసలు పరీక్షకి వద్దాం, మా వాడి విషయంలో నేను చేయనిది ఇదే. ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, పెట్టెలో వచ్చిన ఛార్జర్‌నే, గోడకున్న సాకెట్‌లోనే పెట్టండి. జంక్షన్ బాక్సు వద్దు, హాస్టల్లో నలుగురు కలిసి వాడే ఎక్స్‌టెన్షన్ అసలే వద్దు, వాటిలో ప్లగ్గు వదులుగా కూర్చుని నానా మాయలూ చేస్తుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ వైపు పిన్నుని మెల్లగా పైకి, కిందికి, పక్కలకి వేలితో నెట్టండి, గట్టిగా కాదు. ఛార్జింగ్ లైటు ఆరి వెలుగుతోందా? స్క్రీన్ వెలుతురు తగ్గి పెరుగుతోందా? అలా అయితే ఫోన్‌లో వీడియో తీసేయండి, అది లోపమే, కొత్తదాంట్లో ఆ జాక్, అంటే పిన్ను దూరే రంధ్రం, బిగువుగా ఉండాలి. తర్వాత ఇంకో గదిలో ఇంకో సాకెట్‌లో అదే పరీక్ష చేయండి, లేకపోతే టెక్నీషియన్ తప్పు మీ ఇంటి కరెంటు మీదకి నెట్టేస్తాడు.

ఓల్టేజీ మీద అనవసరంగా నెపం వేయకండి. అడాప్టర్ మీద సన్న అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది, ఊళ్ళో 180 వచ్చినా అది పనిచేయాలి. పాత రకం ఇన్వర్టర్ మీద మాత్రం అడాప్టర్ గుయ్‌మంటుంది, మామూలు కంటే ఎక్కువ కాగుతుంది, అందుకని ఈ పరీక్షలు కరెంటు ఉన్నప్పుడే చేయండి.

స్విచాఫ్ చేసి ఛార్జింగ్ పెట్టి టైము చూడడం ఇంకో పరీక్ష. 65 వాట్ల ఛార్జరూ మామూలు బ్యాటరీ అయితే దాదాపు రెండు గంటల్లో, ఇంకాస్త అటూ ఇటూగా నిండాలి. నాలుగైదు గంటలు పట్టిందంటే ఏదో తేడా ఉంది. ఆఫ్‌లో బాగా ఎక్కి, ఆన్‌లో ఎక్కకపోతే అడాప్టర్ చాలట్లేదు, లేదా వెనకాల ఏదో ప్రోగ్రాం తినేస్తోంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఆట ఆడుతుంటే ఛార్జర్ పెట్టినా బ్యాటరీ కాస్త కాస్త తగ్గడం కొన్ని మోడళ్ళలో ఉండేదే, వాటికి 150 నుంచి 240 వాట్ల దాకా కరెంటు కావాలి.

టైప్-సి ఛార్జింగ్ అయితే ఇంకో చిక్కు. "నా ఫోన్ ఛార్జర్ 80 వాట్లది, ల్యాప్‌టాప్‌కి 65 చాలు, మరి ఎందుకు ఎక్కట్లేదు?" అని అడుగుతారు. ఫోన్ కంపెనీల చాలా ఛార్జర్లు ఆ వేగాన్ని తమ ఫోన్లకే ఇస్తాయి, ల్యాప్‌టాప్‌తో మాట్లాడే భాష వేరు, దాని పేరు పవర్ డెలివరీ. ఆ భాషలో ఆ ఛార్జర్ ఇవ్వగలిగింది చాలా తక్కువ ఉండొచ్చు, అసలేమీ ఉండకపోవచ్చు. ఛార్జర్ మీద అక్షరాలు చదవండి, 20 వోల్టులు అన్న మాట దాని మీద లేకపోతే చాలా ల్యాప్‌టాప్‌లకి అది పనికిరాదు. కేబుల్ కూడా లెక్కలోకి వస్తుంది, మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు, అంతకు మించి కావాలంటే లోపల చిన్న చిప్ ఉండే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. పైగా ల్యాప్‌టాప్‌కి రెండు టైప్-సి రంధ్రాలు ఉన్నా ఛార్జింగ్ ఒక్కదానికే ఉండొచ్చు, చవక మోడళ్ళలో ఒక్కదానికీ ఉండకపోవచ్చు. పక్కన ప్లగ్గు బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉందేమో చూడండి. విండోస్ "స్లో ఛార్జర్" అని చెప్తే నమ్మండి, అది అబద్ధం చెప్పదు.

గుండ్రటి పిన్ను ఉన్న ఛార్జర్‌ని మాత్రం పక్క గది వాళ్ళది సరిపోయింది కదా అని పెట్టకండి. పిన్ను సైజు ఒకటే అయినా లోపలి వోల్టులు వేరుగా ఉండొచ్చు. కొన్ని కంపెనీల పిన్నులో మధ్యన సన్న సూది ఉంటుంది, అది ఛార్జర్ ఎవరిదో ల్యాప్‌టాప్‌కి చెప్తుంది, ఆ మాట అందకపోతే ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది కానీ బ్యాటరీ ఎక్కదు. ఆ సూది వంగినా అంతే. టార్చ్ వేసి చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఎక్కకపోతే ఒకే ఒక్క రిపేరు మీరు చేయొచ్చు, అది కూడా స్క్రూలు విప్పకుండా. ఛార్జర్ తీసేసి, షట్‌డౌన్ చేసి, పవర్ బటన్‌ని 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. వదిలి, ఛార్జర్ పెట్టి, ఆన్ చేయండి. చాలాసార్లు ఇరుక్కుపోయిన ఛార్జింగ్ సర్క్యూట్ దీనితో తేరుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసి మళ్ళీ వేయడం కూడా ఒకసారి చేసి చూడొచ్చు, హాని లేదు. అక్కడితో ఆపండి. బయోస్ అప్‌డేట్‌ని కంపెనీ వాళ్ళే చేయమంటే చేయండి, ఛార్జింగే సరిగా లేని ల్యాప్‌టాప్‌లో మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు, నేను మా వాడి చేత చేయించాను కానీ తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అన్నట్టు, లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోందా? అది తరచుగా ల్యాప్‌టాప్ తప్పు కాదు, సాకెట్‌కి ఎర్త్ లేదు, లేదా మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో దూర్చారు. ఎర్త్ బాగా ఉన్న చోట పెట్టి చూడండి, అక్కడా అలాగే ఉంటే అడాప్టర్ మార్పించండి. అమెరికా నుంచి అన్నయ్యో అక్కో బ్లాక్ ఫ్రైడే ఆఫర్‌లో తెచ్చిన ల్యాప్‌టాప్‌లతో ఇది మరీ ఎక్కువ. అడాప్టర్ మన కరెంటుకి పనికొస్తుంది, వాళ్ళ ప్లగ్గే మన సాకెట్‌కి పట్టదు. కన్వర్టర్ పెట్టి, అది వదులై, నిప్పురవ్వలు రాలేదాకా ఆగకండి. అడాప్టర్ డబ్బాకి తగిలించే వైరు చాలావాటికి విడిగా ఊడొస్తుంది, ఇక్కడి మూడు పిన్నుల వైరు ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది, అది మార్చుకోండి. విమానం ఎక్కే ముందే అక్కడ పై పరీక్షలన్నీ చేయించండి, ఇక్కడికొచ్చాక వాపసు లేదు, వారంటీ కూడా చాలాసార్లు ఆ దేశానికే.

వేడి, ఎంతవరకు మామూలు

మొదటి రెండు రోజుల వేడిని నమ్మకండి. కొత్త ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ తగలగానే విండోస్ అప్‌డేట్లు దింపుకుంటుంది, ఫైళ్ళన్నీ సూచిక వేసుకుంటుంది, యాంటీవైరస్ మొత్తం వెతుకుతుంది, మీ ఫోటోలు క్లౌడ్ నుంచి దిగుతుంటాయి. కొత్త కాపురంలో సామాన్లు సర్దుతున్న ఇల్లు లాంటిది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్, ఎంత వాడుతోందో చూడండి. అప్‌డేట్లు అన్నీ అయిపోయి, రెండుసార్లు రీస్టార్ట్ చేశాక, ఏమీ తెరవకుండా వదిలేస్తే అది ఐదారు శాతం లోపు ఉండాలి. అలా ఉండి కూడా కాలుతుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

చేత్తో తాకి చెప్పే వేడి టెక్నీషియన్ దగ్గర చెల్లదు, అంకె కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో సీపీయూ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. ఊరికే ఉన్నప్పుడు 40 నుంచి 60 మధ్య ఉంటే బాగున్నట్టే. పెద్ద పని చెప్పినప్పుడు 90 దాటినా అదిరిపోకండి, ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటికి హద్దు 100, ఏఎండీ రైజెన్‌లకి మోడల్‌ని బట్టి 95 నుంచి 105 దాకా. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అది రక్షణ. వేగం తగ్గడం వేరు, టప్‌మని ఆగిపోవడం వేరు, ఆగిపోతే మాత్రం లోపం కిందే రాసుకోండి.

పరీక్ష ఇలా: గట్టి బల్ల మీద, ఛార్జర్ పెట్టి, కిటికీ ఎండ పడని చోట, సినీబెంచ్ అనే ఉచిత ప్రోగ్రాం 10 నిమిషాలు నడపండి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచండి. చెవి పెట్టి వినండి, ఫ్యాను గట్టిగా తిరగాలి, గాలి బయటికొచ్చే చోట చెయ్యి పెడితే వేడి గాలి తగలాలి. సీపీయూ 95 చూపిస్తోంది, ఫ్యాను చప్పుడు లేదు, వేడి గాలి లేదు అంటే ఫ్యాను తిరగట్లేదు, లేదా వేడిని లాక్కెళ్ళే పలక సరిగా ఆనలేదు. గరగర శబ్దం వచ్చినా లోపమే. పరీక్ష ఆపేశాక రెండు మూడు నిమిషాల్లో వేడి బాగా దిగాలి, దిగకుండా అక్కడే కూర్చుంటే అదీ రాసుకోండి. ఊరికే ఉండగానే 80, 90 ఉంటే ఇంకేం ఆలోచించొద్దు. ఫ్యానే లేని పల్చటి మోడళ్ళు కూడా ఉన్నాయి, మీది అదేమో ముందు చూసుకోండి, లేని ఫ్యాను తిరగట్లేదని ఫిర్యాదు చేసినవాళ్ళు నాకు తెలుసు.

గది వేడిని కూడా లెక్కలో వేసుకోవాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో రేకుల గదిలో కూర్చుంటే గదే 40 ఉంటుంది, ల్యాప్‌టాప్ ఫ్యాను లోపలికి లాగేది ఆ గాలినే, దాన్నుంచి చల్లదనం ఎక్కడినుంచి వస్తుంది? బ్యాటరీకి కూడా హద్దుంది, 45 డిగ్రీల చుట్టుపక్కలకి కాగిందంటే చాలా ల్యాప్‌టాప్‌లు ఛార్జింగ్ నెమ్మది చేస్తాయి, లేదా ఆపేస్తాయి. అంటే మీరు ఛార్జింగ్ లోపం అనుకుంటున్నది వేడి గొడవే కావొచ్చు. మధ్యాహ్నం ఎక్కనిది తెల్లవారుజామున ఎక్కుతోందా అని ఒకసారి చూస్తే తేలిపోతుంది.

చాలామంది లోపం అనుకునే ఇంకో సంగతి: మూత మూసి బ్యాగులో పెట్టి, రెండు గంటల బస్సు ప్రయాణం చేసి తీస్తే పెనంలా కాగి ఉంటుంది, బ్యాటరీ సగం ఖాళీ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు మూత మూస్తే పూర్తిగా పడుకోవు, ఫోన్‌లాగా కునుకు తీస్తూ మధ్యమధ్యలో లేచి మెయిళ్ళూ అప్‌డేట్లూ చూసుకుంటాయి, బ్యాగులో గాలి లేక ఆ వేడంతా లోపలే ఉండిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, మూత మూస్తే ఏం చేయాలి అన్న చోట హైబర్నేట్ (తెరిచినవన్నీ దాచుకుని పూర్తిగా ఆగిపోవడం) పెట్టండి, కనిపించకపోతే షట్‌డౌన్ పెట్టండి.

ఉంచుకోవాలనే తేల్చుకున్నారా, అప్పుడు వేడి తగ్గించే చిట్కాలు. పరుపు, దిండు, దుప్పటి మీద పెట్టొద్దు, గాలి లాగే రంధ్రాలు అడుగునే ఉంటాయి. ఒళ్ళో పెట్టుకోవాల్సి వస్తే కింద ఒక అట్ట పరీక్ష ప్యాడ్ పెట్టుకోండి. వెనక వైపు కాళ్ళ కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తితే కూడా తేడా తెలుస్తుంది, కూలింగ్ ప్యాడ్ కొనే ముందు అది చేసి చూడండి, నా మటుకు నాకు చవక కూలింగ్ ప్యాడ్లు చప్పుడుకే తప్ప ఎందుకూ పనికిరాలేదు. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ని బ్యాలెన్స్‌డ్‌లో ఉంచండి. పవర్ ఆప్షన్స్ లోతుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటే దాన్ని 100 నుంచి 99కి మార్చితే టర్బో వేగం, అంటే పని ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ అదనంగా పెంచుకునే వేగం, ఆగిపోతుంది, వేడి బాగా దిగుతుంది. కోడింగ్ నేర్చుకోవడానికీ, క్లాసులు వినడానికీ ఆ వేగం చాలు, ఆటలకి చాలదు. ఈ 99 చిట్కా మాత్రం గడువు పరీక్షలకి ముందు వాడకండి, ఫ్యాను లోపం ఉన్నా కనపడకుండా పోతుంది.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, అడుగు పలక చీలినట్టు విచ్చుకున్నా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఏ పరీక్షా వద్దు. ఛార్జర్ తీసేయండి, ఆఫ్ చేయండి, మంచానికీ కర్టెన్లకీ దూరంగా పెట్టి ఫోన్ చేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కి చూడటం, గుచ్చడం అస్సలొద్దు.

ఫిర్యాదు ఎలా చేయాలి

"వేడెక్కుతోంది, ఛార్జింగ్ సరిగా లేదు" అని రాస్తే వాళ్ళు పంపేది అప్‌డేట్ చేయమన్న జవాబు. ఇలా రాయండి: ఫలానా తారీఖు, ఇంత టైముకి, గోడ సాకెట్‌లో, పెట్టెలో వచ్చిన ఛార్జర్‌తో, పిన్ను కదిపితే ఛార్జింగ్ ఆగుతోంది, రెండు సాకెట్లలో చూశాను, వీడియో ఇదిగో. బ్యాటరీ రిపోర్టు ఇదిగో. 10 నిమిషాల పరీక్షలో ఇంత వేడి, ఫోటో ఇదిగో. ఫోన్‌లో మాట్లాడినా సరే, తర్వాత యాప్‌లో చాట్‌లోనో మెయిల్‌లోనో రాసి పెట్టండి, గడువులోపు ఫిర్యాదు చేసినట్టు రుజువు ఉండేది అక్కడే. టెక్నీషియన్ వచ్చి చూసి "బాగానే ఉంది" అని రాసే ముందు ఆయన ఎదురుగా పిన్ను మీరే కదిపి చూపించండి. అడుగు స్క్రూలు మాత్రం మీరు తీయొద్దు, వీధి చివర షాపులో తీయించొద్దు, స్క్రూ మీద ఉండే వారంటీ స్టిక్కర్ చిరిగిందా ఇక మాట కంపెనీదే అవుతుంది.

ఓపెన్ బాక్స్, రీఫర్బిష్డ్ కొన్నవాళ్ళు అడాప్టర్‌ని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి, నకిలీవి ఎక్కువగా దూరేది అక్కడే. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అన్న అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీకి ఇచ్చిందో చెప్తుంది. ఇక వారంటీ ఇస్తున్నది కంపెనీయా, అమ్మినవాడా అన్నది బిల్లు మీదే రాయించుకోండి.

వాళ్ళు వాయిదాలు వేస్తుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది అమ్మినవాడికి పంపితే జవాబు త్వరగా వచ్చే అవకాశం ఎక్కువ. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడు బెంగళూరులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా సరే. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, రెండేళ్ళ టైముంది.

మా వాడి ల్యాప్‌టాప్ సంగతి అడుగుతారేమో, సర్వీస్ సెంటర్‌లో మూడు వారాలు పెట్టుకుని జాక్ మార్చి ఇచ్చారు, ఇప్పటికి బాగానే ఎక్కుతోంది. వాడు మాత్రం ఇంకా పరుపు మీదే పెట్టుకుంటున్నాడు, కింద పరీక్ష ప్యాడ్ పెట్టానులే మామయ్యా అంటాడు, నమ్మాలో వద్దో తెలియదు.